చేతులు నడిచిన దూరం

పొద్దున పదింటికి గంట కొడతారు.
కత్తెరలు బల్ల మీద బోర్లా పడతాయి.
పది నిమిషాలు
మా ఒళ్లు మాకు తిరిగి ఇస్తారు.

ఫకటటీవా చలి
ప్లాస్టిక్ కప్పు కిందకి కూడా దూరి వస్తుంది.
అయినా వరసగా నిలబడి
మెడ కుడికి, మెడ ఎడమకి,
భుజాలు చెవుల దాకా, మళ్లీ కిందికి.
నేర్పే కుర్రాడు బ్రైనర్.
ఇరవై రెండేళ్లుంటాయి, వాడి మోకాళ్లు ఇంకా చప్పుడు చెయ్యవు.
"ఊపిరి తీసుకోండి, అక్కలూ" అంటాడు.
ఇంతసేపూ బిగబట్టి ఉన్నామని
వాడికి ఎవరు చెప్పారో.

జనవరిలో కంపెనీ అందరికీ
ఆకుపచ్చ పట్టీలు పంచింది, మణికట్టుకి.
ఆరోగ్య మాసం అన్నారు.
ఎన్ని అడుగులు వేస్తే అది అంత లెక్క పెడుతుందట.
ఎక్కువ నడిచినవాళ్లకి బూట్లు, పరుగెత్తే రకం,
పసుపు లేసులవి,
ఆఫీసు గదిలో గాజు పెట్టెలో ఉన్నాయి.

హెర్నాండో గెలుస్తాడనుకున్నాం.
కోసిన పూలు బకెట్లలో మోసేది అతనే,
ముప్ఫై ఆరు షెడ్లు, రోజూ.
కాదంటే కాపలా కుక్కతో తిరిగే ఎవెలియో.

అర్సెలియా పేరు ఎవరి నోటా రాలేదు.
ఆవిడది నా పక్క బల్ల.
పద్నాలుగేళ్లుగా ఒకే చోట నిలబడితే
పాదాల కింద సిమెంటు రెండు చోట్ల నున్నబడింది.
కాడ తీయడం, ఆకు దులపడం, ముల్లు గీకడం,
పొడవు చూసి పక్కన పెట్టడం.
ఇరవై అయిదు కాగానే కట్ట.
ఎడమ చేతికి గడియారం ఉంది గనక
పట్టీ కుడి చేతికి కట్టుకుంది, అంతే.

ప్రేమికుల రోజుకి ముందు
మాకు ఆదివారాలు ఉండవు.
ఎక్కడో ఎవరో ఎవరికో
నువ్వంటే ఇష్టం అని చెప్పుకోవాలి గదా,
ఆ మాటకున్న ముళ్లన్నీ మేమే తీసి పంపాలి.

నెలాఖరుకి బ్రైనర్ కాగితం చదివాడు.
హెర్నాండో, రోజుకి పందొమ్మిది వేలు.
ఎవెలియో, పదహారు.
ఆగాడు.
కాగితం వెలుతురుకి పట్టుకుని మళ్లీ చూశాడు.
అర్సెలియా, ముప్ఫై ఒక్క వేలు.

షెడ్డంతా నవ్వు.
"ఎక్కడికి నడిచావక్కా?"
"ఎక్కడికీ లేదు బాబూ.
బాత్రూమ్‌కి, రెండు సార్లు."

చివరికి వాడే చెప్పాడు, నసుగుతూ:
పట్టీకి కళ్లుండవు.
చెయ్యి ఊగితే చాలు
కాలు కదిలిందనుకుంటుంది.

ఆవిడ నవ్వలేదు.
కుడి చెయ్యి ముందుకు చాపి
సంతలో కొనబోయే పశువుని చూసినట్టు
అటూ ఇటూ తిప్పి చూసింది.
ఆ చెయ్యి రాత్రిళ్లు నిద్రపోదు.
చెంచా జారిపోతుంది.
కంపెనీ డాక్టరు
ఇంట్లో గిన్నెలు తోమడం వల్ల అని రాశాడు.

"బూట్లు హెర్నాండోకి ఇచ్చెయ్యి" అంది.
"నాకు ఆ కాగితం కావాలి.
ముద్ర వేసి."

బ్రైనర్ గాజు గది వైపు చూశాడు.
వాడి మొహంలో మొదటిసారి
ఎక్కడో ఏదో పట్టేసిన నొప్పి కనిపించింది.

సాయంత్రం బస్సులో నా కూతురు
ఫోనులో లెక్క కట్టి చెప్పింది:
ఆ నెల అడుగులన్నీ నిజం అడుగులైతే
అర్సెలియా కొండలు దిగి
బ్యూనవెంతురా రేవు దాకా పోయి ఉండేది.
ఆవిడ ఇంతవరకూ సముద్రం చూడలేదు.
"తిరిగి రావడానికి కూడా సరిపోతుందా?" అని మాత్రం అడిగింది.
సరిపోదు.

మర్నాడు పదింటికి గంట.
బ్రైనర్ చొక్కా జేబులోంచి
నాలుగు మడతల కాగితం అంచు పైకి తేలి ఉంది.
మెడతో మొదలుపెట్టలేదు.
"ఇవాళ ముందు మణికట్లు" అన్నాడు.

అందరం చేతులు పైకెత్తి తిప్పాం.
నూట నలభై ఆకుపచ్చ పట్టీలు
ఆ రెండు నిమిషాల్లో
ఎంత దూరం పోయాయో.